ఫిలిప్పీన్స్ కత్తి ఏ ప్రాంతానిదో గుర్తించడం ఎలా: అలుగు నుంచి ఒర దాకా

ఫిలిప్పీన్స్ నగరం దవావోలో వైద్యవిద్య చదివి వచ్చినవారు తెచ్చుకున్న జ్ఞాపికలు, అర్నిస్ అనే ఫిలిప్పీన్స్ యుద్ధవిద్య నేర్చుకునేవారు కొనుక్కున్న కత్తులు, అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు పాత సామాన్ల వేలంలో దొరికినవి... ఏ కత్తి గురించి అడిగినా ప్రశ్న ఒక్కటే: ‘ఇది ఏ ప్రాంతానిది?’ దానితో పాటు పంపే ఫోటో కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: నగిషీ చెక్కిన పిడి.

పిడితో మొదలుపెడితే తప్పుదారి పట్టే అవకాశమే ఎక్కువ. పిడి విరుగుతుంది, ఎండిపోతుంది, యజమాని మారినప్పుడు తానూ మారుతుంది. ఒక దీవిలో సాగిన అలుగుకు మరో దీవిలో పిడి పడవచ్చు, ఒర ఇంకెక్కడో చేయించి ఉండవచ్చు. కాబట్టి ఈ వరుస తప్పకండి: ముందు అలుగు, తర్వాత అలుగూ పిడీ కలిసే చోటు, ఆ తర్వాత పిడి, అన్నింటికన్నా చివర ఒర.

ఈ వ్యాసంలో అలుగు అంటే పిడి బయట కనిపించే ఇనుప భాగం. వెన్ను అంటే పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచు. పొన్ను అంటే పిడి మొదట్లో తొడిగిన లోహపు తొడుగు.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

☐ కొలత టేపు, మందం కొలవడానికి వెర్నియర్ కాలిపర్
☐ భూతద్దం, చిన్న టార్చిలైటు
☐ అయస్కాంతం
☐ తిన్నటి అంచున్న స్టీలు స్కేలు
☐ చేతి తొడుగులు, మెత్తటి నూలు గుడ్డ, కుట్టుమిషను నూనె
☐ మచ్చలేని బూడిదరంగు గుడ్డ (ఫోటోలకు)
☐ కాగితం, పెన్సిలు

కత్తి తీసే పద్ధతి నేర్చుకున్నాకే ఒర ముట్టుకోండి. ఫిలిప్పీన్స్ ఒరలు చాలావరకు రెండు చెక్క పలకలు కలిపి చేసినవి. వాటిని పేము బద్దతోనో దారంతోనో కడతారు, లేదా జిగురుతో అతికిస్తారు. పాతబడ్డాక అతుకు వదులవుతుంది. ఒరను పిడికిట బిగించి లాగితే పదును అతుకులోంచి బయటికి వచ్చి వేళ్లను కోస్తుంది.

ఒరను వెన్ను వైపు నుంచి అరచేతిలో ఆనించి పట్టుకోండి, వేళ్లు పదును వైపు చుట్టుకోకూడదు. కత్తిని పైకి గుంజకుండా, వెన్ను ఒరకు ఆనేలా నెమ్మదిగా జరపండి. ఇరుక్కుంటే బలం వాడకుండా వెనక్కి నెట్టి, మళ్లీ ప్రయత్నించండి.

2. శుభ్రం చేయడం ఇప్పుడే వద్దు

గుర్తింపు పూర్తయ్యేదాకా తోమడం, నూరడం, పాలిష్ పెట్టడం అన్నీ నిషేధం. అతుకు గీతలు, సుత్తి దెబ్బల ఆనవాళ్లు, పొరల ఇనుము జాడలు ఉపరితలం మీదే ఉంటాయి. గ్రైండరు ఒక్కసారి తిరిగితే అవి మళ్లీ రావు. ఎర్ర తుప్పు రాలుతుంటే నూనె గుడ్డతో అద్ది వదిలేయండి, అంతకుమించి ఏమీ వద్దు.

పిడిని ఊడదీసి చూడాలన్న కోరికనూ అణచుకోండి. లోపలి ఇనుపముల్లును చాలా కత్తుల్లో చెట్టు బంకతో బిగిస్తారు. లాగితే పాత చెక్క నిలువునా చీలుతుంది.

3. కొలతలు, ఫోటోలు

కొలవవలసినవి ఇవి:

☐ అలుగు పొడవు: పిడి మొదలయ్యే చోటి నుంచి మొనదాకా, సరళ రేఖలో
☐ మొత్తం పొడవు
☐ వెడల్పు మూడు చోట్ల: పిడి దగ్గర, మధ్యలో, అత్యంత వెడల్పైన చోట
☐ వెన్ను మందం మూడు చోట్ల: పిడి దగ్గర, మధ్యలో, మొనకు అంగుళం ముందు

మూడు చోట్ల మందం ఎందుకని చాలామంది వదిలేస్తారు. అసలు కీలకం అదే. కొలిమిలో సాగగొట్టిన అలుగు పిడి దగ్గర మందంగా ఉండి, మొనవైపు పోయేకొద్దీ పలచబడుతుంది. ఇనుప రేకు కత్తిరించి చేసిన జ్ఞాపికలో మూడు చోట్లా ఒకే అంకె వస్తుంది.

ఫోటోలు రెండు పక్కల నుంచీ, వెన్ను పైనుంచి, మొన వైపు నుంచి పిడివైపు చూస్తున్నట్టుగా ఒకటి, అలుగూ పిడీ కలిసే చోటు దగ్గరగా రెండు పక్కలా తీయండి. ఫ్లాష్ వేయకండి. కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో గీతలు బాగా తేలతాయి.

4. అలుగును అడగవలసిన మూడు ప్రశ్నలు

మొదటిది: పదును ఒక వైపా, రెండు వైపులా? రెండు వైపులా పదునున్న పొడవాటి కత్తి అయితే ముందుగా చూడవలసింది క్రిస్ అనే కత్తుల వర్గం (5వ భాగం). ఒక వైపే అయితే అన్ని దీవులూ బరిలో ఉంటాయి.

రెండోది: అత్యంత వెడల్పైన చోటు ఎక్కడ? పిడి దగ్గరా, మధ్యలోనా, మొన దగ్గరా? ఈ ఒక్క సమాధానంతోనే సగం అవకాశాలు పక్కకు పోతాయి.

మూడోది: అడ్డంగా కోస్తే ముఖం ఎలా ఉంటుంది? స్టీలు స్కేలు అంచును అలుగు మీద అడ్డంగా ఆనించి, వెనక నుంచి వెలుతురు చూడండి. రెండు పక్కలా వాలు ఉందా, లేక వడ్రంగి ఉలిలా ఒక పక్క చదునుగా, రెండో పక్క మాత్రమే వాలుగా ఉందా? రెండో రకమైతే చూపు దేశం నడుమనున్న విసాయా దీవుల వైపు, ముఖ్యంగా వాటిలోని పనాయ్ వైపు తిప్పాలి.

ఈ మూడు సమాధానాలు రాసుకున్నాకే కింది భాగాలకు వెళ్లండి. ఏ పక్క చదునుగా ఉందో కూడా రాయండి, ఎడమచేతి వాటం వారికోసం తిరగేసి చేసినవీ ఉంటాయి.

5. క్రిస్: వంకీలను కాసేపు మరచిపోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానిద్దాం.

వంకీలుంటేనే క్రిస్ అనీ, క్రిస్ అయితే ఇండోనేసియాదే అనీ రెండు అపోహలు జంటగా తిరుగుతుంటాయి. దక్షిణ ఫిలిప్పీన్స్‌లోని ముస్లిం జాతులను కలిపి మోరోలు అంటారు. వారి క్రిస్‌లలో పూర్తిగా తిన్నగా ఉండేవీ, సగం వంకీలు సగం తిన్నగా ఉండేవీ ఎన్నో. అసలు గుర్తు వంకీ కాదు: రెండు పదునులు, పిడి దగ్గర ఒక పక్కకు ఎక్కువగా విచ్చుకున్న వెడల్పు, ఆ వెడల్పును అలుగు నుంచి వేరుచేసే గీత. ఆ పిడి దగ్గరి భాగాన్ని గాంగ్యా అంటారు.

క్రమంగా ఇలా చూడండి.

(క) గాంగ్యా గీతను వెతకండి. తుప్పు ఉంటే నూనె గుడ్డతో అద్ది, టార్చిని పక్క నుంచి వేయండి.

(ఖ) అది నిజమైన అతుకేనా? అలుగు పక్క అంచులను భూతద్దంతో చూడండి. వేరే ముక్కను అతికించి ఉంటే గీత అంచు మీదుగా రెండో పక్కకు సాగుతుంది. చదును మీద మాత్రమే కనిపించి అంచు దగ్గర ఆగిపోతే అది గీసిన గీత.

(గ) గీత ఆకారం చూడండి. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు తిన్నగా పోతే పాత తరహా. ఒక చివర దగ్గర చటుక్కున వాలుగా మలుపు తిరిగితే తర్వాతి తరహా, ఎక్కువగా 19వ శతాబ్దం, ఆ తర్వాతవి. అతుకు లేకుండా గీత మాత్రమే చెక్కినవి సాధారణంగా 20వ శతాబ్దపు పని. ఇది మొగ్గు మాత్రమే, జన్మపత్రిక కాదు.

(ఘ) గాంగ్యాను పిడికి బిగించే లోహపు కొక్కేలున్నాయా? వీటి పేరు అసాంగ్-అసాంగ్. ఒకటి ఉండవచ్చు, రెండు ఉండవచ్చు. ఊడిపోయి ఉంటే పొన్ను కింద వాటి అచ్చు మిగిలే అవకాశం ఉంది.

(ఙ) జావా క్రిస్ కాదని తేల్చుకోండి. జావాది తేలికైనది, పొడవడానికి చేసింది. దాని పిడిలోని ముల్లు గుండ్రంగా ఉంటుంది, కొక్కేలుండవు. మోరో క్రిస్ వెడల్పైనది, బరువైనది, నరకడానికి కూడా పనికొచ్చేది. దాని ముల్లు గుండ్రంగా కాక పలకలుగా ఉంటుంది, అందుకే పిడి తిరిగిపోదు. మలయా ప్రాంతపు సుందాంగ్ మాత్రం మోరో క్రిస్‌కు దగ్గరి చుట్టం. కొక్కెం ఒక్కటి చూసి తీర్పు చెప్పకండి.

ఇక్కడికి వచ్చాక చాలామంది మోరో జాతుల పేర్లు చెప్పి ‘ఇది మరనావ్‌దా, మగిందనావ్‌దా, తౌసుగ్‌దా?’ అంటారు. అలుగు ఒక్కదాన్ని చూసి ఆ మాట చెప్పేవారిని నేను నమ్మను. లనావ్ సరస్సు ప్రాంతపు మరనావ్‌ల ఒకిర్ లతల నగిషీ, ఇత్తడి తొడుగులు కనిపిస్తే ‘లనావ్ అలంకరణ’ అని రాయవచ్చు. అది అలంకరణ గురించిన మాటే, అలుగు గురించి కాదు. ‘మోరో క్రిస్’ అని రాసి ఆగడం అవమానమేమీ కాదు.

6. దక్షిణాది మిగతా కత్తులు

బారొంగ్: ఒక వైపే పదును, ఆకు ఆకారం, అత్యంత వెడల్పు నడుమ భాగంలో. వెన్ను పిడి దగ్గర గట్టి మందంతో మొదలవుతుంది. అలుగు పొడవు సాధారణంగా 8 నుంచి 22 అంగుళాలు. సులు దీవుల తౌసుగ్, సమా జాతులవారు, బసిలాన్‌లోని యాకాన్‌లు వాడేది. పిడి తల కకతువా (తల మీద జుట్టున్న చిలుక రకం) తలను పోలి ఉండి, కింద వెండి పొన్ను, అల్లిన దారపు చుట్లు ఉండటం మామూలు. తౌసుగ్‌లు మలేసియాలోని సబాలోనూ ఉన్నారు కాబట్టి ‘సబాలో కొన్నాను’ అన్నంత మాత్రాన గుర్తింపు తప్పిపోదు.

ఆకు ఆకారంలో ఉన్నా రెండు వైపులా పదునుండి, పొట్టిగా, పిడి చివర నెలవంకలా విచ్చుకుని ఉంటే బారొంగ్ అనకండి. తూర్పు మిందనావ్‌లోని మందాయా జాతివారి బాకును ముందుగా పోల్చి చూడండి (మిందనావ్ దక్షిణాన ఉన్న పెద్ద దీవి).

కంపిలాన్: ఒక వైపు పదును, పిడి దగ్గర సన్నగా మొదలై మొనవైపు వెడల్పవుతూ పోతుంది. మొత్తం పొడవు సుమారు మీటరు. మొన దగ్గర వెన్ను మీద చిన్న ముల్లులాంటి పొడుచుక ఉండటం ప్రసిద్ధ లక్షణం. విరిగిపోయి ఉండవచ్చు, లేకనూ పోవచ్చు. పిడి చివర తెరిచిన నోరులా రెండుగా చీలి ఉంటుంది. మగిందనావ్, మరనావ్ ప్రాంతాలకు చెందింది. నావికుడు మాగెల్లాన్ చనిపోయిన 1521 నాటి మక్తాన్ పోరు పేరు చెప్పి అమ్మితే ధర పెరుగుతుంది తప్ప గుర్తింపుకు ఒరిగేదేమీ లేదు.

పనబాస్: కత్తికీ గొడ్డలికీ మధ్యది. వంపు తిరిగి మొనవైపు వెడల్పయ్యే అలుగు, రెండు చేతులా పట్టే పొడవాటి కర్ర, దాని మీద పేము చుట్లు లేదా లోహపు పట్టీలు. ఇదీ మిందనావ్ మోరోలదే.

పిరా: యాకాన్‌లది. మొనవైపు బరువెక్కే వంపు అలుగు, పిడి చివర పొడవుగా బయటికి సాగిన కొమ్ము. పిడి అంతా మారిపోతే దీన్ని గుర్తించడం కష్టం.

దక్షిణ కోటబాటోలోని త్‌బొలి జాతివారి కత్తులకు పోతపోసిన ఇత్తడి పిడులు, గొలుసులకు చిరుగంటలు ఉంటాయి. దవావో పరిసరాల బగోబోల కత్తులకూ గంటలు, పూసలు ఉంటాయి. గంట వినిపించగానే త్‌బొలి అనేయకండి.

7. విసాయా దీవులు: పదును వాలే ఆధారం

ఇక్కడ ఒకే పేరు దీవిని బట్టి వేరు వేరు కత్తులకు వాడతారు. పనాయ్‌లో తలిబొంగ్ అనేది, లేటె, సమర్‌లలో ఆ పేరుతో పిలిచేది ఒకే కత్తి కాదు. కాబట్టి పేరు పక్కన దీవి పేరు తప్పనిసరిగా రాయండి.

పనాయ్ అలుగుల్లో ఒక వైపు వాలు ప్రధానం. గినుంటింగ్ అలుగు పదును దాదాపు తిన్నగా సాగుతుంది, వెన్ను మాత్రం మొన దగ్గర కిందికి దిగి పదునును కలుస్తుంది. టెనెగ్రేను దాని పిడితో ఎక్కువగా గుర్తుపడతారు. కొమ్ముతోనో చెక్కతోనో చేసిన ఆ పిడి చివర జంతువు తలో, భీకరమైన ముఖమో చెక్కి ఉంటుంది. ఆ చెక్కడం ఎంత బాగున్నా స్కేలు పరీక్ష మాత్రం మానకండి.

లేటె, సమర్‌ల గరాబ్‌కు పొట్ట ఉబ్బిన అలుగు, కిందికి వంగిన చెక్క పిడి ఉంటాయి. సెబు ప్రాంతపు పినుటి సన్నగా, తేలికగా, మొన కోసుగా ఉంటుంది. సెబులో సుందాంగ్ అంటే మామూలు పనికత్తే, మలయా సుందాంగ్‌తో కలపకండి.

8. బికోల్, లుజోన్

మినస్‌బాద్ మస్బాటె, బికోల్ ప్రాంతాలది. వంపు తిరిగిన గేదె కొమ్ము పిడి, వేళ్లకు లోహపు కాపు దీని ఆనవాళ్లు.

మనీలా చుట్టుపక్కలి తగలోగ్ ప్రాంతపు ఇటాక్, గులోక్ రకాలు ఊరూరికీ మారతాయి. పొలం పనికీ పోరుకూ ఒకటే కత్తి కావడంతో ఆకారం చూసి జిల్లా చెప్పడం అరుదుగానే సాధ్యం. ‘డి’ అక్షరం ఆకారపు ఇత్తడి కాపు ఉంటే స్పానిష్ కత్తుల ప్రభావం. స్పెయిన్ పాలన మీద 1896లో మొదలైన విప్లవం నాటి కత్తుల్లో ఇలాంటివి కనిపిస్తాయి.

ఉత్తరాన ఉన్న పెద్ద దీవి లుజోన్‌లో, దాని ఉత్తర భాగపు కొర్దిలేరా కొండల్లో కత్తికన్నా తలగొడ్డలి (తల నరకడానికి వాడిన గొడ్డలి) ప్రముఖం. అలుగు లోపలికి బాగా వంగి, వెనక ముల్లు పొడవుగా సాగితే కలింగా వైపు. అలుగు వెడల్పుగా, ముల్లు పొట్టిగా ఉంటే బొంతోక్ వైపు. ఇఫుగావ్‌ల కత్తికి ఒక ముఖం తెరిచి ఉన్న చెక్క ఒర ఉంటుంది, అలుగు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. ఒర చూసి మొదటి ఊహ చేయదగ్గ అరుదైన సందర్భం ఇది.

9. పిడి, ఒర: ఇప్పుడు చూడండి

☐ పిడి కన్నం అలుగుకు సరిగ్గా పడిందా, ఖాళీల్లో కొత్త బంకో చెక్క ముక్కలో కూరారా?
☐ పొన్ను మీది అరుగుదల, పిడి అరుగుదల ఒకే వయసుకు సరిపోతున్నాయా?
☐ తొడుగు లోహం అయస్కాంతానికి అంటుకుంటుందా? అంటుకుంటే అది వెండి కాదు, ఇత్తడీ కాదు.
☐ అలుగు మొన ఒర చివరిదాకా చేరుతుందా? ఒర చాలా పొడవైతే అది వేరే కత్తిది.
☐ ఒర లోపలి గాడి అలుగు ఆకారంలోనే ఉందా?

అలుగు ఒక ప్రాంతం, పిడి ఇంకో ప్రాంతం చూపిస్తే కంగారు పడకండి. రెండూ రాసుకోండి. పాత కాలపు అతుకు కూడా ఆ కత్తి బతుకులో భాగమే.

10. జ్ఞాపికను పట్టుకోవడం

కిందివాటిలో మూడు కలిస్తే అమ్మకానికి చేసిన కొత్త వస్తువుగా భావించి ముందుకు సాగండి:

☐ వెన్ను మందం అన్ని చోట్లా ఒకటే
☐ వంకీల లోపలి అంచుల్లో గ్రైండరు గీతలు
☐ క్రిస్ అయితే గాంగ్యా గీత లేదు, లేదా పైపైన గీకినట్టుంది
☐ అలుగు మీద ‘మిందనావ్’, ‘ఫిలిప్పీన్స్’, ‘దవావో’ లాంటి అక్షరాలు
☐ చేతిలో పట్టగానే పిడి కదులుతోంది
☐ చిరుగంటలన్నీ ఒకే అచ్చులో, కొత్త మెరుపుతో

మినహాయింపు ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ సైనికులు తమ పేర్లు, 1944, 1945 లాంటి సంవత్సరాలు చెక్కించుకున్న బొలో (ఫిలిప్పీన్స్ పనికత్తి) కత్తులున్నాయి. అక్షరాలున్నాయని వాటిని తోసేయకూడదు. అలాగే జీపుల లీఫ్ స్ప్రింగుతో సాగగొట్టిన అలుగు నకిలీ కాదు. యుద్ధానంతర కమ్మరి చేతికి అందుబాటులో ఉన్న మంచి ఉక్కు అదే.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

అమ్మినవాడు చెప్పిన పేరునే రాసుకోవడం. ‘మోరో కత్తి’ అనే చీటీ పనాయ్, లుజోన్ కత్తులకూ అంటించేస్తుంటారు. సవరణ: చీటీలోని పేరును మీ కాగితం వెనక రాసి పక్కన పెట్టి, నాలుగో భాగంలోని మూడు ప్రశ్నలకు కొత్తగా సమాధానాలు రాయండి.

పొరల ఇనుము కనిపించాలని నిమ్మరసం, వెనిగర్, ఆమ్లం పూయడం. చారలు తేలకపోగా గుంటలు పడతాయి. ఇప్పటికే పూసి ఉంటే శుభ్రమైన నీటితో తుడిచి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, పలచగా నూనె రాయండి. పిడిలోకి నీరు దిగకుండా మొనను కిందికి వంచి పట్టుకోండి.

వదులైన పిడిలో ఆధునిక జిగురు పోయడం. తర్వాత దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. సవరణ: అలాగే వదిలి, కదలకుండా మెత్తటి గుడ్డతో చుట్టి దాచండి.

కత్తిని ఒరలోనే ఏళ్ల తరబడి ఉంచడం. మన తీర ప్రాంతపు తేమలో పాత చెక్క చెమ్మ పట్టి అలుగును తినేస్తుంది. వర్షాకాలంలో బయటికి తీసి, నూనె గుడ్డ తుడిచి, ఒర పక్కన విడిగా పెట్టండి.

ఇంటర్నెట్‌లో పోలిక వెతికి మొదటి ఫోటోతో ఆగిపోవడం. సవరణ: మ్యూజియంల జాబితాలతో పోల్చండి. మనీలాలోని జాతీయ మ్యూజియం, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్, షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలలో ఫిలిప్పీన్స్ సేకరణలున్నాయి. పోల్చేటప్పుడు ఫోటో కన్నా కొలతలను నమ్మండి.

12. ఫలితం రాసుకునే తీరు

ఒకే పేరుతో తేల్చకుండా, ఆధారం పక్కనే నమ్మకం స్థాయి రాయండి. నమూనా:

అలుగు: రెండు పదునులు, సగం వంకీలు. గాంగ్యా అతుకు అంచు మీదుగా సాగింది, ఒక చివర మలుపు. మోరో క్రిస్, బలమైన నమ్మకం.
కొక్కెం: ఒకటి. రెండోదాని ఆనవాలు లేదు.
పిడి: కకతువా ఆకారం, కొత్త బంక. తర్వాత మార్చి ఉండవచ్చు.
ఒర: అలుగు కన్నా పొడవు. వేరే కత్తిది.
ప్రాంతం: దక్షిణ ఫిలిప్పీన్స్. జాతి పేరు తేల్చలేదు.

13. భారతదేశంలో ఉంచుకునేవారికి

1959 ఆయుధాల చట్టం, 2016 నియమాల ప్రకారం ఖడ్గాలు, బాకులు ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు కాని కత్తుల్లో అలుగు 9 అంగుళాల కన్నా పొడవున్నా, 2 అంగుళాల కన్నా వెడల్పున్నా అదే వర్గంలోకి వస్తాయి. వీటికి లైసెన్సు అవసరమా అన్నది మీ ప్రాంతానికి వర్తించే ప్రభుత్వ నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది, స్థానిక లైసెన్సింగ్ అధికారులను అడగండి. విదేశం నుంచి తేవాలంటే దిగుమతి అనుమతి వేరే కావాలి. దాన్ని బయలుదేరకముందే తేల్చుకోండి, విమానాశ్రయంలో కాదు.

పిడి దంతంతో చేసిందన్న అనుమానముంటే అమ్మకం, కొనుగోలు మాట ఎత్తకముందే నిపుణులకు చూపించండి. ఏనుగు దంతం వ్యాపారం మన దేశంలో నిషిద్ధం. ఎముక, కొమ్ము, దంతం మూడూ పాతబడ్డాక పైకి ఒకేలా పసుపు తిరుగుతాయి. భూతద్దంలో ఎముక మీద సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు కనిపిస్తాయి. వేడి సూది గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు, ఆ పని చేయకండి.